పరుపు కింద ఇంజను

ఇల్లున్నవాడికి పైకప్పు బెంగ, బండి ఉన్నవాడికి టైర్ల బెంగ. మా బావ ఈ రెండు బెంగలనూ ఒకే సంతకంతో కొనుక్కున్నాడు. 1996లో తయారైన డీజిల్ మోటార్‌హోమ్ అది. ముందు డ్రైవరు సీటు, దాని వెనుక సోఫా, మధ్యలో వంటిల్లు, చివర పడకగది. ఆ గదిలో మంచం, మంచం మీద పరుపు, పరుపు కింద ప్లైవుడ్ మూత, మూత కింద 8.3 లీటర్ల కమ్మిన్స్ ఇంజను. అవును, మంచం కిందే. ఈ రకం బళ్ళకు ఇంజను వెనుక భాగంలో ఉంటుంది కాబట్టి, దానికి ఏ చిన్న సేవ చేయాలన్నా ముందు దుప్పట్లు మడత పెట్టాలి.

అమెరికాలో పదవీ విరమణ చేసిన దంపతులు చాలామంది ఇలాంటి బళ్ళలో దేశమంతా తిరుగుతుంటారు. అలాంటి జంట దగ్గరే బావ దీన్ని కొన్నాడు. తాళాలు చేతిలో పెడుతూ వాళ్ళు, "నాయనా, కూలింగ్ సంగతి నువ్వు చూసుకో, మిగతాది ఇంజను చూసుకుంటుంది" అన్నారట. బావ పెద్దవాళ్ళ మాట వింటాడు, ముఖ్యంగా ఆ పెద్దవాళ్ళు మా వైపు వాళ్ళు కానప్పుడు.

ఇంజను చల్లబడడం పెద్ద దేవరహస్యమేమీ కాదు. పంపు కూలెంటును, అంటే వేడిని మోసే ద్రవాన్ని, తిప్పుతుంది. అది సిలిండర్ల చుట్టూ తిరిగి వేడిని మోసుకొస్తుంది. సుమారు 180 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర థర్మోస్టాట్ అనే కవాటం రేడియేటరుకు దారి తెరుస్తుంది. రేడియేటరులో ఫ్యాను గాలి ఆ వేడిని బయటికి తోలేస్తుంది. అంతే. కానీ బావ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నాలుగు వాక్యాల్లో తేలిపోయే విషయానికి నలభై వరుసల పట్టిక లేకపోతే ఆయనకు నిద్ర పట్టదు.

ముందు కూలెంటు రంగుల గొడవ వచ్చింది. దుకాణంలో ఆకుపచ్చది ఉంది, గులాబిది ఉంది, నారింజది ఉంది, ఊదాది కూడా ఉంది. రంగును బట్టి రకం తెలుస్తుందనుకుంటే పప్పులో కాలేసినట్టే. రంగు ఏ కంపెనీ ఇష్టం ఆ కంపెనీది, అసలు సంగతి డబ్బా వెనుక చిన్న అక్షరాల్లో ఉంటుంది. పడని రకాలను కలిపేస్తే ఒకదాని రక్షణ గుణాన్ని మరొకటి చెడగొడుతుంది, ఖర్మ కాలితే లోపల మడ్డి పేరుకుంటుంది. బావ ఆ అక్షరాలన్నీ భూతద్దం పెట్టి చదివాడు. పాతది మొత్తం దించేశాడు, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాడు, సగం కూలెంటు, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి కొత్తది పోశాడు. పది గ్యాలన్లకు పైనే పట్టింది. దించిన పాతదాన్ని కాలువలో పారబోయడానికి వీల్లేదు. అది విషం. పైగా తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు నాకి ప్రాణం మీదికి తెచ్చుకుంటాయి. అందుకని భద్రంగా మూత పెట్టి, ప్రమాదకరమైన వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి చేర్చాడు. చేర్చిన పాత్ర మా అక్క దోసెల పిండి కలిపే బేసిన్ అని ఆమెకు మర్నాడు తెలిసింది. ఆ వారం వాళ్ళింట్లో ఉప్మా.

తరువాత లైనర్ల గొడవ. ఈ ఇంజనులో సిలిండరు లైనర్ల, అంటే పిస్టన్ లోపల ఆడే ఇనప గొట్టాల, బయటి గోడను కూలెంటు నేరుగా తాకుతుంది. లోపల పిస్టన్ కొట్టే దెబ్బలకు లైనరు అదురుతుంది. అదిరినప్పుడల్లా కూలెంటులో కంటికి కనబడని బుడగలు పుట్టి ఆ గోడ మీదే పేలిపోతాయి. ఏళ్ళ తరబడి అలా పేలి పేలి ఇనుమును సూదిబెజ్జాలుగా తొలిచేస్తాయి. ఆ బెజ్జంలోంచి కూలెంటు ఇంజను ఆయిల్‌లో కలిసిందంటే కథ కంచికే. దీనికి విరుగుడుగా నైట్రైట్ వంటి రసాయనాలున్న ద్రవం కలుపుతారు. తక్కువైతే బెజ్జాలు, ఎక్కువైతే మడ్డి. సరిపోయిందో లేదో తేల్చడానికి కాగితం పట్టీలు దొరుకుతాయి. కూలెంటులో ముంచి తీసి, పట్టీకి వచ్చిన రంగును డబ్బా మీది రంగులతో పోల్చి చూసుకోవాలి.

ఇక్కడే సంసారం వేడెక్కింది. బావ పట్టీ ముంచి "వంకాయ రంగు" అంటాడు. అక్క "గులాబి" అంటుంది. గరాజు దీపం కింద ఒకసారి, కిటికీ వెలుతురులో ఒకసారి, ఫోను టార్చి వేసి ఒకసారి చూస్తారు. వాళ్ళ పెళ్ళిచీర రంగు మీద కూడా ఇంత చర్చ జరగలేదు. చివరికి ఇద్దరి మాటా కాదని బావ పట్టికలో "మధ్యస్థం" అని రాసుకుంటాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, రేడియేటరు సేవ ఒక ఎత్తు. బండి వెనుక జాలీ తలుపు తెరిస్తే నిలువెత్తు రేడియేటరు దర్శనమిస్తుంది. ఆదివారం వస్తే చాలు, బావ తలస్నానం చేసి, దానికీ చేయించేవాడు. రెక్కల మధ్య ఇరుక్కున్న ఒక్కో పురుగునూ పాత టూత్ బ్రష్‌తో తీసేవాడు. అది అద్దంలో ముఖం చూసుకోవచ్చనిపించేంత మెరిసేది. చుట్టాలు ఎవరొచ్చినా ముందు బండి వెనక్కి తీసుకెళ్ళి దాన్ని చూపించి, ఆ తరువాతే కాఫీ ఇచ్చేవాడు.

అమ్మా నాన్నగారూ విజయవాడ నుంచి వచ్చినప్పుడు కూడా అదే మర్యాద జరిగింది. నాన్నగారు ఆటోనగర్‌లో లారీల మరమ్మతు షెడ్డు నడిపిన మనిషి. ఆటోనగర్ తెలియని వాళ్ళకు ఒక్క మాట: లారీని ముక్కలు చేసి గోనెసంచిలో పట్టుకెళ్ళినా సాయంత్రానికి లారీగానే తిప్పి పంపగల చోటు అది. ఆయన రేడియేటరు చుట్టూ ఒకసారి తిరిగి, మీసం సవరించుకుని, "అల్లుడుగారూ, థర్మోస్టాట్ తీసేశారా?" అని అడిగారు.

"తీసేయడమేమిటి మామయ్యగారూ, కొత్తది వేశాను."

"మా రోజుల్లో లారీ షెడ్డులోకి రాగానే ముందు అది పీకి పారేసేవాళ్ళం. మన ఎండలకు దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి."

బావకు ఒళ్ళు మండింది కానీ, అల్లుడు కాబట్టి నవ్వాడు. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు రేడియేటరును తప్పించుకుపోయే అడ్డదారిని మూస్తుందనీ, దాన్ని పీకేస్తే ఆ అడ్డదారి అలాగే తెరుచుకుని, వేడి కూలెంటులో కొంత రేడియేటరు ముఖం చూడకుండానే ఇంజనులోకి తిరిగి వెళ్ళిపోతుందనీ, కాబట్టి చల్లబడడం అటుంచి ఇంకా వేడెక్కుతుందనీ కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. నాన్నగారు బొమ్మను శ్రద్ధగా చూసి, "బాగా గీశారు" అన్నారు. ఒప్పుకున్నట్టు మాత్రం ఎక్కడా అనలేదు.

జూన్‌లో అందరం యూటాలోని జయాన్ నేషనల్ పార్కుకు బయలుదేరాం. ముందు బావ, పక్కన నాన్నగారు. సోఫాలో అమ్మ, అక్క. గేజ్ కనబడే కుర్చీలో నేను. నా ఉద్యోగం ఉష్ణోగ్రతను పైకి చదవడం.

టెహచాపీ కొండ ఎక్కేటప్పుడు ముల్లు 195 దాటి 210కి పోయింది. "కొండ కదా" అన్నాడు బావ. దిగేటప్పుడు 200 దగ్గరే తచ్చాడింది. "ఇప్పుడే కదా కొండ దిగింది" అన్నాడు. ఏ అంకెకైనా ఆయన దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉండేది. బోరాన్ దగ్గర రెస్ట్ ఏరియాలో ఆపాం. అక్కడి గనుల్లో తవ్వే బోరాక్స్ పాతకాలపు ఆకుపచ్చ కూలెంట్లలో కూడా కలుస్తుందని బావ నాన్నగారికి వివరిస్తుండగా, అమ్మ పడకగదిలో కాసేపు నడుం వాల్చింది. లేచి వచ్చి ఇంత ముఖం చేసుకుని చెప్పింది:

"బాబూ, ఈ మంచం ఎంత బాగుందో! అడుగునుంచి వెచ్చగా కాపడం పెడుతోంది. విమానంలో పట్టేసిన నడుం సగం వదిలింది."

"పాత బళ్ళలోనే అత్తయ్యగారూ ఇలాంటి సౌకర్యాలు" అన్నాడు బావ, పొంగిపోయి.

బండి మొత్తంలో ఉన్న గేజ్‌లన్నీ ఒక ఎత్తు, అమ్మ నడుం ఒక ఎత్తు. కానీ దాని రీడింగు పట్టికలో నమోదు కాలేదు.

మధ్యాహ్నానికి బేకర్ చేరాం. మొహావీ ఎడారిలో ఉన్న ఈ చిన్న ఊరికి ఒక వింత ఉంది: 134 అడుగుల ఎత్తున్న థర్మామీటరు. 1913లో దగ్గరలోని డెత్ వ్యాలీలో నమోదైన 134 డిగ్రీల ఫారన్‌హీట్‌ను గుర్తు చేస్తూ 1991లో దాన్ని నిలబెట్టారు. ఇంజను వేడెక్కుతుందేమో అని దిగులు పడేవాడికి ఊరు ఊరంతా కలిసి ఇంత పెద్ద థర్మామీటరు ఎత్తి చూపించడం నాకైతే మర్యాదగా తోచలేదు. మేము చూసినప్పుడు అది 112 చూపిస్తోంది. సెల్సియస్‌లో నలభై నాలుగు దాటింది. "ఇంతేనా? మన రెంటచింతల వాళ్ళు దీనికి దుప్పటి కప్పుకుంటారు" అన్నారు నాన్నగారు, చెమట తుడుచుకుంటూ.

బేకర్ దాటగానే కొండ మొదలవుతుంది. వెయ్యి అడుగుల లోపు ఎత్తున్న ఊరి నుంచి హాలోరన్ శిఖరం దాకా, నాలుగు వేల అడుగులకు, ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వకుండా ఎక్కిస్తుంది ఆ రోడ్డు. ఇంజను వేడెక్కకుండా ఏసీ ఆపేయమని పక్కన బోర్డులు. "అది మనకు వర్తించదు" అన్నాడు బావ. మా పైకప్పు మీది ఏసీ జనరేటరు మీద నడుస్తుంది, అసలు ఇంజనుకు దానితో పని లేదు. ఆ మాట నిజమే. ఆ రోజు ఆయన చెప్పినవన్నీ నిజాలే.

"205" అన్నాను.

"గేరు దించండి" అన్నారు నాన్నగారు.

"ఇది ఆలిసన్ కంపెనీ ఆటోమేటిక్ గేరుబాక్సు మామయ్యగారూ. ఎప్పుడు దించాలో దానికే తెలుసు."

"దానికి వయసైపోయింది, చెప్పాలి. ఇంజను గబగబా తిరిగితేనే పంపూ ఫ్యానూ గబగబా తిరిగేది."

"215."

బావ గేరు దించలేదు, హీటరు తిప్పాడు. ఇదీ శాస్త్రమే. డ్రైవరు ముందున్న హీటరు కూడా ఒక బుల్లి రేడియేటరే, అది కాస్త వేడిని లాగేస్తుంది. కాకపోతే లాగిన వేడిని తెచ్చి మా మీద పోస్తుంది. వెనుక ఇంజను దగ్గర్నుంచి ముందు సీటు దాకా బండి పొడవునా గొట్టాల్లో ప్రయాణం చేసి వచ్చిన ఆ వేడి, బయట 112 డిగ్రీలుండగా, సూటిగా నాన్నగారి మోకాళ్ళకు తగిలింది. ఆయన ధోవతి పైకి మడుచుకుని, "అల్లుడుగారూ, ఇంజను చల్లబడిందా?" అని ఎంతో గౌరవంగా అడిగారు.

"225" అన్నాను. అప్పుడు గేరు దిగింది, కానీ ఆలస్యమైంది. 230 దగ్గర బజరు మోగింది.

పక్కకు తీసి ఆపాం. బావ తాళం తిప్పబోతుంటే నాన్నగారు చెయ్యి పట్టుకున్నారు. ఇంజను ఆపితే పంపు ఆగుతుంది, ఉన్న వేడి ఉన్నచోటే కూర్చుంటుంది. న్యూట్రల్‌లో పెట్టి కాస్త ఎక్కువ వేగంతో తిరగనివ్వాలి. ఆ ఒక్క విషయంలో ఆటోనగర్, ఫ్రీమాంట్ ఏకమయ్యాయి. ఆ ఐక్యత రెండు నిమిషాలు నిలిచింది. వెనుక ఆవిరి చూసి బావ తువ్వాలు పట్టుకుని రేడియేటరు మూత దగ్గరికి నడిచాడు. మిగిలిన ముగ్గురూ ఒక్క గొంతుతో అరిచారు. 15 పౌండ్ల ఒత్తిడి బిగించి ఉంచే మూత అది. ఆ ఒత్తిడి ఉన్నంత సేపూ సగం సగం కలిపిన కూలెంటు 265 డిగ్రీల దాకా మరగకుండా ఓపిక పడుతుంది. మూత తీసిన క్షణం ఆ ఓపిక ముఖం మీదికి వస్తుంది. బావ తువ్వాలుతో చెమట తుడుచుకుని, దాని కోసమే తెచ్చినట్టు వెనక్కి వచ్చాడు.

ముల్లు దిగాక హాలోరన్ స్ప్రింగ్స్ దగ్గర మళ్ళించుకుని తిరిగి బేకర్‌కే వచ్చాం. ఒక పార్కింగ్ స్థలంలో ఆగి, సభ మొదలైంది. నాన్నగారు థర్మోస్టాట్ పీకాల్సిందే అన్నారు. బావ పట్టిక తెరిచి, కూలెంటు సరిగ్గా ఉంది, థర్మోస్టాట్ సరిగ్గా ఉంది, బెల్టు సరిగ్గా ఉంది, రేడియేటరు తళతళలాడుతోంది, కాబట్టి ఇంజను వేడెక్కే అవకాశమే లేదు అని నిరూపించాడు. నిరూపణ ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. బండి మాత్రం వెనుక నుంచి టిక్కుటిక్కుమంటూ చల్లారుతోంది.

ఈలోగా అమ్మ పడకగదిలోంచి వచ్చింది. "మంచం కింద ఏదో మాడు వాసన వస్తోంది. ముందు పరుపు లేపండి, తరువాత పోట్లాడుకుందురు గాని."

పరుపు లేపాలంటే దాని మీదున్నవి దించాలి. దిండ్లు, దుప్పట్లు, అక్క సర్దిన చీరల సంచి, ఒలికితే ఎలా అని దిండ్ల మధ్య జాగ్రత్త చేసిన ఆవకాయ సీసా. అన్నీ దించి, పరుపు గోడకు నిలబెట్టి, ప్లైవుడ్ మూత ఎత్తారు. మగవాళ్ళిద్దరూ ఇంజను వంక చూశారు. అమ్మ చూడలేదు. ఇంజను అవతల, ఫ్యాను వెనుక, రేడియేటరు లోపలి ముఖం వంక చూసింది.

"ఇదేమిటి, మన వంటింటి చిమ్నీ ఫిల్టరులా ఉంది!"

నిజంగా అలాగే ఉంది. నల్లగా, మెత్తగా, వేలు పెడితే గోరు దాకా దిగేంత జిడ్డు. రెక్కల మధ్య సందులే లేవు. ఎన్నో వేసవుల దుమ్ము, గడ్డి, ఎండిన ఆకులు ఆ జిడ్డులో పొరలు పొరలుగా అతుక్కుని ఉన్నాయి. ఈ బండిలో ఫ్యాను గాలిని ఇంజను వైపు నుంచి లాగి రేడియేటరు గుండా వెనక్కి నెడుతుంది. కాబట్టి దుమ్ము చేరేది లోపలి ముఖానికి. ఇంజను బ్రీదర్ గొట్టం మూతి సరిగ్గా ఆ ఫ్యానుకు ఎదురుగా ఉంది. ఇంజను అడుగు గది అయిన క్రాంక్‌కేసులోంచి వచ్చే ఆవిరితో పాటు సన్నటి ఆయిల్ తుంపర కూడా ఆ గొట్టంలోంచి వస్తుంది. ఫ్యాను దాన్ని తీసుకెళ్ళి రేడియేటరుకు పూస్తుంది, ఆ పూత మీద రోడ్డు దుమ్ము చల్లుతుంది. బావ ఆదివారం ఆదివారం బయట నుంచి టూత్ బ్రష్‌తో తోమింది గాలి బయటికి పోయే వైపు. అది మెరవక ఏం చేస్తుంది? లోపలి నుంచి గాలి వస్తేగా అటు మురికి పట్టడానికి.

బావ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఫోను తీసి పట్టికలో కొత్త వరుస చేర్చాడు. నాన్నగారు వంగి ఆ బ్రీదర్ గొట్టాన్ని చూసి, "థర్మోస్టాట్ కూడా తీసి ఉంటే ఇంకా తొందరగా తెలిసేది" అన్నారు. ఎలా తెలిసేదో ఎవరూ అడగలేదు.

రాత్రి ఎండ వేడి తగ్గాక, తక్కువ గేరులో, లారీల వరుసలో, మెల్లగా అదే కొండ ఎక్కాం. హీటరు నడుస్తూనే ఉంది. నాన్నగారు ముందుజాగ్రత్తగా సోఫాలోకి వచ్చేశారు, పక్క సీటు నాకు దక్కింది. జయాన్ గురించి ఇంకోసారి రాస్తాను. కొండలు ఎర్రగా, అద్భుతంగా ఉన్నాయి. బావ వాటి వంక చూడలేదు.

ఇంటికొచ్చాక బళ్ళు నిలిపే యార్డులో కడిగే చోటు మాట్లాడుకుని శుద్ధి కార్యక్రమం పెట్టుకున్నాం. పర్యవేక్షణ అమ్మది. బావ ఎక్కడినుంచో ప్రెషర్ వాషర్ తెస్తే, "ఆ రెక్కలు అల్యూమినియం రేకులు బాబూ, వంగిపోవూ?" అని తిప్పి పంపింది. ఆ మాట పూర్తిగా సరైనది. రెక్కలు వంగితే గాలి దారి మళ్ళీ మూసుకుంటుంది. పడకగది గోడలకు ప్లాస్టిక్ పట్టలు కట్టాం. మంచం కింది మూతలోంచి జిడ్డు వదిలే ద్రవం చల్లి నానబెట్టాం. మామూలు తోట గొట్టంతో లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి, మళ్ళీ మళ్ళీ నీళ్ళు పట్టాం. మొదట వచ్చింది నలుపు. తరువాత గోధుమ. బావ ఇక చాలన్నాడు. "నీళ్ళు తేటగా వచ్చేదాకా చాలనకూడదు" అని అమ్మ స్టూలు మీదే కూర్చుంది. సాయంత్రం దాకా అలాగే కూర్చుంది. మధ్యలో భోజనం కూడా అక్కడికే తెప్పించుకుంది.

నాన్నగారు ఇంకో పనిలో ఉన్నారు. ఒక రబ్బరు గొట్టం ముక్క, రెండు క్లిప్పులు సంపాదించి, బ్రీదర్ మూతిని ఫ్యాను దారిలోంచి తప్పించి కిందికి, దూరంగా పొడిగించారు. మొత్తం పని పూర్తయ్యేసరికి ఆయన చేతికి జిడ్డు కూడా అంటలేదు. బావ ఆ గొట్టానికి ఫోటో తీసుకున్నాడు. ఇప్పుడు చుట్టాలు వస్తే బండి వెనక్కి కాకుండా పడకగదిలోకి తీసుకెళ్ళి, పరుపు ఎత్తి చూపిస్తున్నాడు. కొత్త పెళ్ళికొడుకు ఒకడు తన భార్యతో వచ్చి ఆ ఆహ్వానానికి కాస్త తటపటాయించాడు.

ఆ తరువాత పరీక్ష కోసం టెహచాపీ కొండకే వెళ్ళాం. మళ్ళీ ఎండే, మళ్ళీ అదే ఎక్కుడు. నా ఉద్యోగం నాదే.

"190" అన్నాను. సగం కొండ ఎక్కాక, "190." పైకి చేరాక, "190."

బావ ముఖంలో సంతోషం కనబడలేదు. గేజ్ అద్దం మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. ముల్లు కదల్లేదు.

"ఇంత కొండ ఎక్కినా కదలడం లేదంటే గేజ్ పాడైపోయి ఉండాలి. సెన్సారు మార్చాలి."

సెన్సారు ఇంజను మీద ఉంది. ఇంజను పరుపు కింద ఉంది. అమ్మ ఆ మాట వినగానే లేచి, దిండూ దుప్పటీ ఆవకాయ సీసా చంకన పెట్టుకుని సోఫా మీదికి మకాం మార్చేసింది. పైగా, "ఆ మంచం ఇప్పుడు వెచ్చగా కూడా ఉండడం లేదు" అని ఫిర్యాదు.